మన తాళాన్ని మరొకరు విప్పి చూపినప్పుడు

(మహిళా సంస్థల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సాయంత్రం చర్చలో మీలో ఒకరు వేసిన ప్రశ్న ఇది: "బాధిత స్త్రీల వాంగ్మూలాలు ఎవరి కంటా పడకుండా దాచుకోవడానికి మా సంస్థ కోసం మేమే ఒక యాప్ తయారు చేసుకున్నాం. ఏడాది పట్టింది. క్రిప్టోగ్రఫీ తెలిసినవాళ్ల ముందు పెడితే పది నిమిషాల్లో దాన్ని తూర్పారబట్టారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోవాలనిపించడం లేదు. ఇలాంటప్పుడు పని కొనసాగించడం ఎలా?"

ఇవాళ నాకిచ్చిన విషయం సమాచార భద్రత. దాన్ని ఈ ప్రశ్న వైపు నుంచే మాట్లాడదలచుకున్నాను. మన సంస్థల్లో ఇలా సగంలో ఆగిపోయిన పనులు చాలా ఉన్నాయి. డబ్బు లేక ఆగిపోయినవి కొన్నయితే, చేసిన మనిషి మనసు విరిగి ఆగిపోయినవి కొన్ని. మొదటి కారణాన్ని ప్రాజెక్టు రిపోర్టుల్లో రాస్తాం. రెండోదాన్ని ఎక్కడా రాయం.

ముందుగా ఒక మాట. క్రిప్టో అనగానే ఇవాళ అందరికీ బిట్‌కాయినే గుర్తొస్తుంది, దాని పేరు చెప్పి డబ్బు రెట్టింపు చేస్తామనే మోసాలూ గుర్తొస్తాయి. నేను మాట్లాడేది దాని గురించి కాదు. దానికి తల్లి అయిన శాస్త్రం గురించి, అంటే మాటను సంకేత లిపిలోకి మార్చి పంపే, దాచే విద్య గురించి. అందులో పనిచేసేవాళ్ల లోకానికి ఒక ఆచారం ఉంది. ఎవరేం తయారు చేసి తెచ్చినా ముందు దాన్ని పగలగొట్టి చూస్తారు. బాగుందనడం ఆ తర్వాతి మాట. చాలాసార్లు ఆ మాట అసలు రానే రాదు.

ఇది వాళ్ల దుర్మార్గం అనుకుంటే పొరపాటు. వంట చెడితే నోటికి తెలుస్తుంది. గోడ వంకరగా కడితే కంటికి తెలుస్తుంది. సంకేత లిపి చెడితే మాత్రం వాడేవాళ్లకు తెలియదు. పైకి అంతా సవ్యంగానే ఉంటుంది, అక్షరాలు గజిబిజిగానే కనిపిస్తాయి, యాప్ చక్కగా తెరుచుకుంటుంది. అందులో కన్నం ఉందన్న సంగతి మొట్టమొదట తెలిసేది శత్రువుకే. అతను మనకు చెప్పడు. కనుక ఆ కన్నాన్ని శత్రువు కంటే ముందుగా చూడగలిగే మనుషులు కావాలి. ఇందుకే ఈ శాస్త్రంలో పగలగొట్టేవాళ్లకు అంత గౌరవం. 1883లో ఫ్రాన్సులో ఉంటూ రాసిన ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే భాషా పండితుడు దీనికొక సూత్రం చెప్పాడు. తాళం ఎలా తయారైందో శత్రువుకు పూర్తిగా తెలిసిపోయినా నష్టం ఉండకూడదు, రహస్యం అంతా తాళంచెవిలోనే ఉండాలి. అప్పటి నుంచీ "ఎలా చేశామో చెప్పం, మమ్మల్ని నమ్మండి" అనే మాటకు ఆ రంగంలో విలువ లేదు.

తూర్పారబట్టడం అన్న మాట కూడా మన కళ్ళంలోంచి వచ్చిందే కదా. గాలికి ఎత్తి పోసేది పొట్టు పోయి గింజ మిగలడానికి. అయితే పొట్టుతో పాటు గింజల్ని కూడా ఎగరగొట్టేసేవాళ్లు ఉంటారు. ఏది ఏదో తేల్చుకోవడం దగ్గరే మన ఇబ్బంది అంతా ఉంది. దీనికి నేను చూసినంతలో రాల్ఫ్ మెర్కిల్ అనే ఆయన అనుభవం కంటే మంచి ఉదాహరణ లేదు.

1974లో మెర్కిల్ అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. ఆయన పట్టుకున్న ప్రశ్న మనకు బాగా దగ్గరది. మన హెల్ప్‌లైన్‌కు మొట్టమొదటిసారి ఫోన్ చేసే స్త్రీని ఊహించుకోండి. ఆమెకూ మనకూ ముందుగా అనుకున్న గుర్తు ఏదీ లేదు. పక్కనుంచి ఒకడు ప్రతి మాటా వింటున్నాడు. ఆ వినేవాడి ఎదుటే మాట్లాడుకుంటూ, మనిద్దరికే తెలిసిన ఒక రహస్యాన్ని ఏర్పరచుకోగలమా? సాధ్యం కాదనీ, ముందు ఎక్కడో ఒకచోట రహస్యంగా కలవాల్సిందేననీ అప్పటిదాకా అందరూ అనుకునేవారు.

మెర్కిల్ చెప్పిన మార్గం ఇది. వేల కొద్దీ చిన్న పెట్టెలు పంపు. ప్రతి పెట్టెకూ ఒక బలహీనమైన తాళం. లోపల ఒక నంబరు, ఒక తాళంచెవి. అందుకున్న మనిషి ఏదో ఒక పెట్టెను ఎంచుకుని, కాస్త శ్రమపడి పగలగొట్టి, అందులోని నంబరును పైకే చెబుతుంది. పంపిన మనిషికి ఆ నంబరుకు జతైన తాళంచెవి ఏదో తెలుసు. వింటున్నవాడికి ఆ నంబరు ఏ పెట్టెలో ఉందో తెలియదు. అది దొరికేదాకా పెట్టెలన్నీ ఒక్కొక్కటే విప్పుకుంటూ కూర్చోవాలి. మనకు ఒక పెట్టె శ్రమ, అతనికి వేల పెట్టెల శ్రమ. చిన్నపిల్లలకు కూడా చెప్పగలిగినంత తేలికైన ఆలోచన.

దీన్ని ఆయన తరగతిలో ప్రాజెక్టుగా చేస్తానంటే అధ్యాపకుడు ఒప్పుకోలేదు. మెర్కిల్ ఆ కోర్సు మానేశాడు, పని మానలేదు. 1975లో ఒక ప్రసిద్ధ పత్రికకు వ్యాసం పంపితే తిప్పి పంపారు. ఈ రంగంలో ప్రధానంగా సాగుతున్న ఆలోచనల్లో ఇది ఇమడదు అన్నది వాళ్ల అభ్యంతరం. ఆ వ్యాసం అచ్చయ్యేసరికి 1978 వచ్చింది. ఈలోగా, 1976లో, స్టాన్‌ఫర్డ్‌లో డిఫీ, హెల్మన్ అనే ఇద్దరు అదే ప్రశ్నకు మరింత గట్టి జవాబు ప్రకటించారు. మెర్కిల్ హెల్మన్ దగ్గరే పరిశోధనకు చేరాడు.

ఇక్కడ గమనించవలసింది ఆ తిరస్కరణ స్వభావం. "నీ పద్ధతిలో ఇదిగో ఇక్కడ కన్నం ఉంది" అని ఎవరూ చూపలేదు. "మా దారిలో లేదు" అన్నారు. ఇలాంటి మాట మనకు కొత్తది కాదు. ఇంట్లో జరిగే హింస హక్కుల ప్రశ్నే కాదని, అది కుటుంబ వ్యవహారమని మనకు ఎంతకాలం చెప్పారు! కన్నం చూపకుండా దారి గురించి మాట్లాడే విమర్శను విని ఊరుకోవచ్చు. దానికోసం రాత్రుళ్లు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మెర్కిల్ రెండో అనుభవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1978లో ఆయన హెల్మన్‌తో కలిసి ఇంకొక సంకేత పద్ధతి తయారు చేశాడు. దాని మీద ఎంత నమ్మకమంటే, పగలగొట్టినవాళ్లకు 100 డాలర్లు ఇస్తానని పందెం కాశాడు. 1982లో ఆది షమీర్ అనే ఇజ్రాయెల్ శాస్త్రవేత్త పగలగొట్టాడు. మెర్కిల్ డబ్బు చెల్లించాడు. అదే పద్ధతిని మరింత బిగించిన రూపం ఉంది, దానికి 1000 డాలర్లు అన్నాడు. 1984లో ఎర్నెస్ట్ బ్రికెల్ దాన్నీ పగలగొట్టాడు. ఆ డబ్బూ చెల్లించాడు. ఈసారి "మీరు నన్ను అర్థం చేసుకోలేదు" అనడానికి వీల్లేదు, ఎదుట విప్పిన తాళం ఉంది. ఇందాక నేను పక్కన పెట్టిన బిట్‌కాయిన్‌లో ఇవాళ లెక్కల్ని సరిచూడటానికి వాడే పద్ధతిని మెర్కిల్ చెట్టు అంటారు. అది ఈయనదే, 1979 నాటిది. అంటే ఒక పని కూలిపోతున్న కాలంలోనే ఇంకొక పని నిలబడుతోంది.

నాకు ఆ పందెం బాగా నచ్చింది. మనం మామూలుగా విమర్శ వస్తుందేమోనని భయపడుతూ కూర్చుంటాం. అది వచ్చి తలుపు తడితే దొంగ వచ్చినట్టు ఉలిక్కిపడతాం. ఆయన తానే పిలిచాడు, పిలిచి దక్షిణ ఇచ్చాడు.

ఇక మన రంగానికి మరింత దగ్గరి మనిషి ఫిల్ జిమ్మర్‌మన్. ఆయన అణ్వాయుధ వ్యతిరేక ఉద్యమంలో పనిచేసినవాడు. ప్రభుత్వం కన్ను పడకుండా ఉద్యమకారులు ఉత్తరాలు రాసుకోవడానికి 1991 జూన్‌లో పిజిపి అనే ప్రోగ్రామును విడుదల చేశాడు. మొదటి కూర్పులో ఆయన సొంతంగా అల్లిన సంకేత పద్ధతి ఒకటి ఉండేది. ఆ ఏడాది శాంటా బార్బరాలో జరిగిన క్రిప్టో సదస్సులో ఏలీ బిహామ్ అనే నిపుణుడు భోజనాల దగ్గర కూర్చుని అందులోని లోపాలు ఆయనకు చూపించాడు. 1992 సెప్టెంబరులో వచ్చిన రెండో కూర్పులో జిమ్మర్‌మన్ తన పద్ధతిని తీసేసి, స్విట్జర్లాండ్‌లో నిపుణులు రూపొందించిన ఐడియా అనే పద్ధతిని పెట్టాడు. సొంత బిడ్డ లాంటి దాన్ని తీసి పక్కన పెట్టడానికి ఆయనకు ఏడాది పట్టింది, అంతే.

అంతటితో ఆగలేదు. పిజిపితో పాటు ఇచ్చే వాడకం పుస్తకంలోనే ఆయన తన విద్యార్థి దశ సంగతి ఒకటి రాశాడు. అప్పట్లో తానొక గొప్ప పద్ధతి కనిపెట్టాననుకున్నాడట. ఏళ్ల తర్వాత పాఠ్యపుస్తకాల్లో చూస్తే, విద్యార్థులు ఇంటి దగ్గర పగలగొట్టి తీసుకురావాల్సిన అభ్యాసంగా అదే పద్ధతి ఉందట! తన సరుకు వాడమని చెప్పే పుస్తకంలోనే ఇలా రాసుకోవడం ఎంతమంది చేస్తారు?

ఆ జిమ్మర్‌మన్ మీదనే అమెరికా ప్రభుత్వం 1993లో నేర విచారణ మొదలుపెట్టింది. బలమైన సంకేత లిపిని అప్పటి చట్టం ఆయుధాల జాబితాలో చేర్చింది. పిజిపి దేశం దాటిపోయింది కనుక ఆయుధాల ఎగుమతి కింద చూశారు. మూడేళ్లు ఆ కత్తి ఆయన తల మీద వేలాడి, 1996 జనవరిలో అభియోగమేదీ లేకుండా విచారణ ముగిసింది. ఆ మూడేళ్లూ పట్టు విడవకుండా ఉండటానికి ఆయనకు ఏది ఆధారమైంది? ఇతర దేశాల నుంచి మానవ హక్కుల కార్యకర్తలు రాసిన ఉత్తరాలని ఆయన తర్వాతి మాటల వల్ల తెలుస్తుంది. సైన్యం దౌర్జన్యాలకు సాక్ష్యం చెప్పినవాళ్ల పేర్లను, వాంగ్మూలాలను దాచడానికి పిజిపి వాడుతున్నామని వాళ్లు రాశారు.

బిహామ్ చెప్పిందీ ప్రభుత్వం చేసిందీ రెండూ పైకి వ్యతిరేకతే. మొదటివాడు తాళం ఇంకా బలంగా ఉండాలన్నాడు. రెండోవాళ్లు తాళమే ఉండకూడదన్నారు. సాక్ష్యం చెప్పిన మనిషి వైపు నుంచి చూస్తే బిహామ్ ఎవరి పక్షం? మన పక్షమే. మాట కటువుగా ఉన్నంత మాత్రాన పక్షం మారదు. మన ఉత్సాహం యాప్‌కు అతుక్కుని ఉంటే, యాప్‌లో తప్పు చూపిన ప్రతివాడూ మనల్ని కొట్టినట్టే ఉంటుంది. అది వాంగ్మూలం ఇచ్చిన స్త్రీకి అతుక్కుని ఉంటే, తప్పు చూపినవాడు ఆమెకు మేలు చేసినట్టు లెక్క.

విమర్శను లోపలికి రానివ్వకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2009 జూన్‌లో ఇరాన్ ఎన్నికల మీద నిరసనలు చెలరేగినప్పుడు, అక్కడివాళ్లు ప్రభుత్వ నిఘా తప్పించుకోవడానికని శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు యువకులు హేస్టాక్ అనే ప్రోగ్రాము తలపెట్టారు. పత్రికలు పొగిడాయి, బహుమతులు వచ్చాయి, అమెరికా ప్రభుత్వం అనుమతి కూడా ఇచ్చింది. లోపల ఏముందో మాత్రం బయటి నిపుణులకు చూపలేదు. 2010 సెప్టెంబరులో నిపుణుల చేతికి ఒక ప్రతి చిక్కేసరికి అది ఏమాత్రం రక్షణ ఇవ్వదని తేలింది. వెంటనే మూసేశారు. అప్పటికే ఇరాన్ లోపల కొందరు దాన్ని వాడి చూస్తున్నారు. మంచి ఉద్దేశం, చప్పట్లు, పరీక్షకు నిలవని సరుకు, ఈ మూడూ కలిస్తే ప్రమాదంలో పడేది తయారు చేసినవాళ్లు కాదు.

దీనికి పక్కనే పెట్టి చూడవలసింది క్రిప్టోక్యాట్. లెబనాన్‌లో పుట్టి కెనడాలో చదువుతున్న నదీమ్ కొబైసీ అనే ఇరవై ఏళ్ల విద్యార్థి 2011లో దీన్ని విడుదల చేశాడు. ఆయన వాదన మనకు నచ్చేదే. అప్పటికి ఉన్న సంకేత సాధనాలు ఇంజనీర్లకు తప్ప ఎవరికీ అర్థం కావు, మామూలు మనుషులకు పనికొచ్చేదొకటి కావాలి. 2012లో ఒక పెద్ద పత్రిక దీన్ని ఆకాశానికెత్తింది. ఆ వెంటనే నిపుణులు విరుచుకుపడ్డారు. బ్రౌజర్‌లో ప్రతిసారీ సర్వర్ నుంచి దిగే ప్రోగ్రాముకు భద్రత లేదు, సర్వర్‌ను పట్టుకున్నవాడు ప్రోగ్రామునే మార్చి పంపగలడు అన్నారు. కొబైసీ వాదించాడు, నొచ్చుకున్నాడు, చివరికి దాన్ని విడిగా బ్రౌజర్‌లో అమర్చుకునే పద్ధతికి మార్చాడు.

2013లో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. స్టీవ్ థామస్ అనే ఆయన ఒక లోపం బయటపెట్టాడు. తాళంచెవి తయారయ్యేటప్పుడు ఒక్కో స్థానంలో వేల సంఖ్యల్లోంచి ఒకటి రావాల్సి ఉండగా, సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్న అంకెల్లోంచే వస్తోంది. దానితో తాళంచెవిని ఊహించడం తేలికైపోయింది. 2011 అక్టోబరు నుంచి 2013 జూన్ దాకా జరిగిన బృంద సంభాషణలు పగలగొట్టడానికి అనువుగా ఉన్నట్టు తేలింది. ఇద్దరి మధ్య జరిగే సంభాషణలకు వేరే పద్ధతి వాడారు కనుక అవి బయటపడ్డాయి. కొబైసీ లోపాన్ని దాచలేదు, వాడేవాళ్లందరికీ తెలిసేలా ప్రకటించాడు, కనిపెట్టినవాళ్లకు కృతజ్ఞతలు చెప్పాడు.

ఆ తర్వాత ఆయన చేసిన పని మీద మీరు కాసేపు ఆలోచించాలని కోరతాను. ఆయన పారిస్ వెళ్లి, ఇటువంటి సంకేత పద్ధతులు సరైనవో కావో గణితంతో రుజువు చేసే శాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. అంటే తనను ఏ ప్రశ్నతో కొట్టారో ఆ ప్రశ్నే తన చదువు చేసుకున్నాడు. క్రిప్టోక్యాట్ 2019లో ఆగిపోయింది. అయినా దాని వాదన ఓడిపోయిందని అనలేం. 2016 నుంచి వాట్సాప్ సంభాషణలన్నీ మొదటి నుంచి చివరిదాకా సంకేత లిపిలోనే నడుస్తున్నాయి, దాన్ని వాడే మన అమ్మమ్మలకు ఆ సంగతి తెలియనక్కర్లేకుండానే.

ఇప్పటిదాకా చెప్పినవాళ్లందరూ మగవాళ్లే. ఇది యాదృచ్ఛికం కాదు. మగవాడి పని పగలగొడితే పని పగిలిందంటారు. అదే పని స్త్రీ చేసిందైతే "ఆడవాళ్లకు ఇది రాదు" అనే మాట ఎక్కడినుంచో వచ్చి చేరుతుంది. విమర్శా ఎగతాళీ ఒకే కవరులో వస్తాయి. ఎగతాళికి ఒళ్లు మండి మనం కవరు మొత్తాన్నీ చించేస్తాం, లేదా విమర్శ నిజమైనదే కనుక ఎగతాళి కూడా నిజమేనేమో అని కుంగిపోతాం. ఈ రెండూ నష్టమే.

ఇందాకటి హేస్టాక్ సంగతే మళ్లీ తీసుకోండి. దాని లోపాలు బయటపెట్టినవాళ్లలో ముఖ్యుడు జేకబ్ ఆపిల్‌బామ్. ఆయన టోర్ అనే సంస్థలో పేరున్న మనిషి. ఆ సాంకేతిక విమర్శ సరైనదే. అదే ఆపిల్‌బామ్ 2016లో లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణల మధ్య టోర్ నుంచి తప్పుకున్నాడు. ఆయన వాటిని ఖండించాడు. సంస్థ విచారణ జరిపించి, ఆయన వల్ల చాలామంది అవమానాలకు, బెదిరింపులకు గురయ్యారని, కొందరికి అవాంఛిత లైంగిక ప్రవర్తన ఎదురైందని ప్రకటించింది. పాత డైరెక్టర్ల బోర్డు మొత్తం తప్పుకుంది. ఈ ఉదాహరణ నేను కావాలనే తెచ్చాను. తాళం గురించి ఒకరు చెప్పింది అక్షరాలా నిజం కావచ్చు, అదే మనిషి ఉన్నచోట స్త్రీలు పనిచేయలేకపోవచ్చు. మొదటిదాన్ని ఒప్పుకున్నందుకు రెండోదాన్ని భరించాలని ఎవరూ మనల్ని శాసించలేరు. "మేధావి కదా, నోరు కాస్త దురుసు" అని సర్దిచెప్పేవాళ్లు ఏ ఉద్యమంలోనైనా ఉంటారు, మన హక్కుల ఉద్యమాల్లోనూ ఉన్నారు.

స్త్రీల పేర్లు లేవని కాదు. షఫీ గోల్డ్‌వాసర్ పేరు మీలో ఎంతమంది విన్నారో నాకు తెలియదు. తన దగ్గర రహస్యం ఉందని ఎదుటివాళ్లకు రుజువు చేయాలి, కానీ ఆ రహస్యంలో రవ్వంత కూడా వాళ్లకు తెలియకూడదు. ఇది సాధ్యమని ఆమె, సిల్వియో మికాలీ, చార్లెస్ రాకాఫ్ కలిసి చూపించారు. ఆ వ్యాసాన్ని పెద్ద సదస్సులు పలుమార్లు తిప్పికొట్టాయి, 1985లో గానీ వెలుగు చూడలేదు. 2012కు గాను గోల్డ్‌వాసర్, మికాలీలకు కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన పనిలో ఈ ఆలోచన ఎక్కడ ఉపయోగపడుతుందో ఊహించండి. ఒక స్త్రీ తాను ఫలానా అని చెప్పకుండానే తనకు సహాయం పొందే అర్హత ఉందని చూపించగలిగితే!

మన దగ్గర విమర్శకులను ఎలా చూశారో కూడా ఒకసారి చూడాలి. దేశంలో ఓటింగ్ యంత్రాలు తయారు చేసే రెండు ప్రభుత్వ సంస్థల్లో ఒకటి హైదరాబాద్‌లోని ఈసీఐఎల్. 2010లో హైదరాబాద్‌కే చెందిన ఇంజనీరు హరిప్రసాద్, అమెరికా, నెదర్లాండ్స్ నిపుణులతో కలిసి ఒక యంత్రాన్ని విప్పి, దాన్ని ఎలా మార్చవచ్చో చూపించారు. ఆ యంత్రం ఎలా వచ్చిందో చెప్పమని ఆగస్టులో ఆయన్ని అరెస్టు చేశారు, వారం తర్వాత బెయిలు వచ్చింది. యంత్రాలు సురక్షితమేనన్నది ఎన్నికల సంఘం వైఖరి, ఆ వాదంలోకి నేను వెళ్లను. కానీ ఓటరు తన ఓటును కాగితం మీద చూసుకునే ఏర్పాటు నిష్పాక్షిక ఎన్నికలకు తప్పనిసరి అని 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, 2019 లోక్‌సభ ఎన్నికల్లో అన్నిచోట్లా అది అమలైంది. తాళం విప్పి చూపినవాణ్ణి లోపల వేస్తే తాళం గట్టిపడదు.

మళ్లీ మన పనికి వద్దాం. మన చేతిలో ఉన్నవి ఎవరి రహస్యాలు? మథుర కేసు తీర్పు మీద దేశమంతా స్త్రీలు ఆందోళన చేసిన తర్వాత, 1983లో చట్టం మార్చి, అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడాన్ని నేరం చేశారు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. పోరాడి తెచ్చుకున్న ఆ రక్షణ మన యాప్‌లోని ఒక కన్నంలోంచి జారిపోకూడదు. అందుకని మొహమాటం లేకుండా చెబుతున్నాను, నిపుణులు కన్నం చూపించిన యాప్‌లో రేపటి నుంచి ఒక్క వాంగ్మూలం కూడా పెట్టకండి. సొంతంగా అల్లిన సంకేత పద్ధతి ఏదైనా అందులో ఉంటే తీసేయండి. అందరూ పరీక్షించిన పద్ధతులు ఉచితంగానే దొరుకుతాయి. ఇది యాప్‌ను పారేయమనడం కాదు. జిమ్మర్‌మన్ తీసింది తాళాన్ని మాత్రమే, ఇంటిని కాదు.

విమర్శ ఎవరి చేతికి రావాలన్నది కూడా సంస్థ నిర్ణయించాలి. నిజనిర్ధారణకు మనం ఎవరినీ ఒంటరిగా పంపం. యాప్ రాసిన అమ్మాయి మాత్రం రాత్రి పదకొండింటికి ఒంటరిగా కూర్చుని తిట్లన్నీ చదువుకోవాలా? ఇద్దరు కూర్చుని చదవండి, ఆ ఇద్దరిలో యాప్ రాయని మనిషి ఒకరుండాలి. కన్నం ఎక్కడుందో చెప్పిన వాక్యాలను ఒక కాగితం మీదికి ఎత్తండి. నాలుగు పేజీల దూషణలో అలాంటి వాక్యాలు మూడో నాలుగో తేలతాయి. ఆ మూడింటికి జవాబు రాయండి. మిగతాదానికి జవాబు రాయక్కర్లేదు. హద్దు మీరితే అది ఎవరైనా సరే, వాళ్లతో సంస్థ తరఫున మాట్లాడండి.

ఇంకొక సంగతి ఉంది, దీన్ని నిపుణులకు మనమే చెప్పాలి. వాళ్ల లెక్కల్లో శత్రువు ఎక్కడో దూరాన ఉంటాడు. గూఢచారి సంస్థో, సర్వర్లోకి చొరబడేవాడో. మన దగ్గరికి వచ్చే స్త్రీకి శత్రువు పక్క గదిలో ఉంటాడు. ఆమె ఫోన్ కొనిపెట్టింది అతనే, పాస్‌వర్డ్ అతనికి తెలుసు, తెలియకపోతే ఆమె నిద్రపోతున్నప్పుడు ఆమె వేలే పెట్టి తెరుస్తాడు. అతనికి ఏ గణితమూ అక్కర్లేదు. ఎంత గట్టి సంకేత లిపి అయినా ఇక్కడ దూదిపింజే. న్యూయార్క్‌లో కార్నెల్ టెక్ అనే సంస్థలో నికోలా డెల్, ఆమెతో పాటు టామ్ రిస్టెన్‌పార్ట్ అనే క్రిప్టో నిపుణుడు, వాళ్ల సహచరులు కొన్నేళ్లుగా గృహహింస బాధితులతో కూర్చుని వాళ్ల ఫోన్లు పరిశీలిస్తున్నారు. వాళ్లు 2018లో ప్రచురించిన పరిశోధన ఇదే చెప్పింది. హింసించే భాగస్వాములు ఎక్కువగా వాడేవి అసాధారణమైన సాంకేతిక విద్యలు కావు, మామూలు మనుషులు వాడే మామూలు మీటలే. ఇది తెలియడానికి ఆ క్రిప్టో నిపుణుడు బాధిత స్త్రీల పక్కకు వచ్చి కూర్చోవలసి వచ్చింది.

మీలో ప్రతి ఒక్కరికీ ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. యాప్ పేరు తెర మీద కనిపిస్తేనే ప్రమాదమని తెలుసు. అర్ధరాత్రి వచ్చే ఒక మెసేజి మోత ఎంత పని చేస్తుందో తెలుసు. తెరిచిన పేజీని ఒక్క క్షణంలో మాయం చేసే మీట ఎందుకు కావాలో తెలుసు. మీ యాప్‌ను తూర్పారబట్టిన నిపుణుల దగ్గరికి ఈసారి వెళ్లేటప్పుడు వాళ్లు చెప్పిన మూడు తప్పులు దిద్దుకుని వెళ్లండి. మీ వైపు నుంచి అడగవలసిన ప్రశ్నల జాబితా కూడా పట్టుకెళ్లండి. ఫోన్ అతని చేతిలో ఉన్నప్పుడు మీ గణితం ఆమెకు ఏం చేస్తుంది అన్నది మొదటి ప్రశ్నగా రాయండి. మధ్యాహ్నం బృందాల్లో కూర్చున్నప్పుడు మిగతావి రాద్దాం. కేస్ వర్కర్లు, యాప్ రాసినవాళ్లు వేరువేరు బృందాల్లో కాకుండా కలిసి కూర్చోవాలని కోరుతున్నాను.